ఉత్తిరమేరూరు కుడవోలై మండపం: ఆ గోడ మీది అక్షరాలను ఎలా కాపాడుకోవాలి?

కంచిదారి

అందరికీ నమస్కారం. మేము తాంబరంలో ఉంటాం. పోయిన ఆదివారం మా ఆవిడనీ, మూడో తరగతి చదివే మా వాడినీ తీసుకుని ఉత్తిరమేరూరు వెళ్లొచ్చాను. చెన్నై నుంచి చెంగల్పట్టు మీదుగా 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ సుందర వరదరాజ పెరుమాళ్ గుడి పెద్దది, మూడంతస్తుల విమానం, జనం కూడా అక్కడికే వెళ్తారు. నేను వెళ్లింది మాత్రం వైకుంఠ పెరుమాళ్ గుడికి. చిన్న కట్టడం. ఎత్తైన రాతి పీఠం, దాని మీద గోడలు, స్తంభాల మండపం, అంతే. దారిన పోయేవాళ్లు ఇంకో పాత గుడి అనుకుని దాటిపోతారు. కానీ పీఠం మీదా గోడల మీదా వరసలు వరసలుగా అక్షరాలు! వెయ్యేళ్ల క్రితం ఊరి కమిటీలకు మనుషుల్ని ఎలా ఎంచుకోవాలో అక్కడే చెక్కి పెట్టారు.

చూసినంతసేపూ సంతోషంగానే ఉంది. బయటికి వస్తుంటే ఒకాయన సుద్దముక్క తీసి అక్షరాల మీద అడ్డంగా రుద్దుతున్నారు, ఫోటోలో బాగా కనిపించాలని. "అలా చేయకండి సార్" అన్నాను. "కడిగితే పోతుంది కదా" అన్నారు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నిజంగా కడిగితే పోతుందా? ఇలాంటి చిన్న కట్టడాన్ని ఎలా కాపాడతారు? తెలిసినవాళ్లు చెప్పండి. నాకు ఈ విషయంలో ఏ అర్హతా లేదు, ఆ గోడ మీద ప్రేమ తప్ప.

శాసనప్రియ

మంచి చర్చ మొదలుపెట్టారు అన్నా. శాసనాలు చదవడం నేర్చుకుంటున్నదాన్ని, నాకు తెలిసింది రాస్తాను.

మీరు చూసిన వాటిలో ముఖ్యమైనవి రెండు. రెండూ మొదటి పరాంతక చోళుడి కాలానివి. ఒకటి ఆయన 12వ పాలనా సంవత్సరంలో, అంటే 919లో. రెండోది 14వ సంవత్సరంలో, 921లో. రెండేళ్లకే రెండోది ఎందుకు? మొదటి నియమాలను సవరించారు. ఉదాహరణకి వయసు: మొదటిదాంట్లో 30 నుంచి 60 మధ్య అని ఉంటే, రెండోదాంట్లో 35 నుంచి 70 మధ్య అని మార్చారు. ఒక ఊరి సభ తన పద్ధతిని తానే దిద్దుకుని, ఆ దిద్దుబాటును కూడా రాతి మీద పెట్టడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

పద్ధతి ఇలా ఉంది. ఊరిని 30 కుడుంబులుగా, అంటే ఇప్పటి మాటలో వార్డులుగా విడగొట్టారు. ప్రతి వార్డు వాళ్లూ అర్హులైన వాళ్ల పేర్లు తాటాకు ముక్కల మీద రాస్తారు. వార్డు ఆకులన్నీ ఒక కట్టగా కట్టి, పైన ఏ వార్డో తెలిపే ఆకు పెట్టి, కుండలో వేస్తారు. కుడం అంటే కుండ, ఓలై అంటే తాటాకు. అందుకే కుడవోలై. తీసే రోజు పిల్లా పెద్దా అంతా రావాలి. ఆ రోజు ఊళ్లో ఉన్న గుడి అర్చకులందరూ సభ జరిగే లోపలి మండపంలో కూర్చోవాలి. వాళ్లలో అందరికన్నా పెద్దాయన లేచి, అందరికీ కనిపించేలా కుండను పైకి ఎత్తి పట్టుకోవాలి. లోపల ఏముందో తెలియని ఒక చిన్న పిల్లాడు ఒక కట్ట తీయాలి. ఆ కట్ట విప్పి ఇంకో కుండలో వేసి కలపాలి. మళ్లీ ఆ పిల్లాడే ఒక ఆకు తీసి మధ్యస్థుడికి ఇవ్వాలి. మధ్యస్థుడు దాన్ని ఎలా తీసుకోవాలో తెలుసా? ఐదు వేళ్లూ చాపి, తెరిచిన అరచేతిలో. చేతిలో ముందే ఇంకో ఆకు దాచుకోలేదని అందరికీ తెలియడానికి. తర్వాత ఆయన పేరు చదవాలి, అక్కడున్న అర్చకులంతా కూడా ఒకరి తర్వాత ఒకరు చదవాలి. అప్పుడే ఆ పేరు రాసుకుంటారు.

ఇలా 30 వార్డులకు 30 మంది. వారియం అంటే కమిటీ. వాళ్లలో 12 మంది సంవత్సర వారియానికి, 12 మంది తోట వారియానికి, 6 మంది చెరువు వారియానికి. పదవి 360 రోజులు. నేరం బయటపడితే మధ్యలోనే దింపేస్తారు. ఇంకోటి, ఇంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పగించని వాడి పేరు కుండలో వేయకూడదు. వాడి పేరే కాదు, వాడి పిన్నమ్మ కొడుకు, మేనమామ, మామగారు, అల్లుడు, ఇలా చుట్టాల పట్టీ అంతా రాసి మరీ వద్దన్నారు.

"లోపలి మండపం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. సభ ఎక్కడ కూర్చోవాలో శాసనమే చెబుతోంది. ఆ శాసనం ఉన్నది మండపం గోడ మీదే.

నల్లరేగడి

చదివాను, బాగుంది. కానీ దీన్ని ఎన్నికల మండపం అని ఎవరైనా అంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఓటు ఎవరూ వేయలేదు కదా, చీటీ తీశారు. ఇంకా ముఖ్యమైనది, ఆ కుండలో ఎవరి పేర్లు పడ్డాయి? అది చతుర్వేదిమంగలం, బ్రాహ్మణులకు ఇచ్చిన ఊరు. పన్ను కట్టే పొలం ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వేదం వచ్చి ఉండాలి. ఆ పొలాలు దున్నిన వాళ్ల పేరు ఆ కుండలో లేదు. ఏ ఆడమనిషి పేరూ లేదు. మా తాత పాలేరు. ఆయన 1952లో మొదటిసారి ఓటేసిన సంగతి చనిపోయేదాకా చెప్పేవాడు. ఆ ఓటూ ఇదీ ఒకటే అంటే ఒప్పుకోలేను.

శాసనప్రియ

ఒకటే అని నేనూ అనను. మీరు చెప్పినవన్నీ శాసనంలో ఉన్నవే. కనీసం పావు వేలి పొలం ఉండాలి. వేలి అనేది పాత తమిళ భూమి కొలత, ఆరున్నర ఎకరాల పైమాట, అందులో నాలుగో వంతు. ఒక వేదం, ఒక భాష్యం చదివినవాడికైతే అందులో సగం ఉన్నా చాలు. సభ అంటే బ్రాహ్మణ మగవాళ్లే. మామూలు ఊళ్లలో రైతుల సభలు "ఊర్" అని వేరే ఉండేవి.

ఆ రాయిని కాపాడాలి అనడానికి అది కూడా ఒక కారణం అండీ. ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్నది అంత వివరంగా వాళ్లే రాసుకున్నారు. ఆ అక్షరాలు చెరిగిపోతే మీరు ఇప్పుడు వేసిన ప్రశ్నకు ఆధారం కూడా పోతుంది.

పోలింగ్_మాస్టారు

నేను 31 ఏళ్లు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఎన్ని ఎన్నికల డ్యూటీలు చేశానో లెక్కలేదు. చీటీ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది.

ఒక పంచాయతీ ఎన్నికలో సర్పంచి పదవికి ఇద్దరికీ ఓట్లు సమానం వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టినా సమానమే. మా బడిలో మూడో తరగతి గదిలో లెక్కింపు. బయట రెండు వర్గాల జనం, లోపల మాకు చెప్పలేనంత టెన్షన్. రూలు ప్రకారం చీటీ తీయాలి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకైనా ఇదే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 65వ సెక్షన్ చూడండి. రెండు కాగితాలు ఒకే కొలతలో కత్తిరించాం, ఒకే సిరాతో రాశాం, ఒకేలా మడిచాం, స్టీలు డబ్బాలో వేశాం. రెండు వర్గాల వాళ్లూ ఒప్పుకుంటేనే అని అటెండరు గారి అబ్బాయిని పిలిచాం. ఏడేళ్లుంటాయి. వాడు తీసి అధికారి చేతిలో పెట్టాడు. ఆయన ఆ చీటీ తెరిచి, చెయ్యి గుండ్రంగా అందరి వైపూ తిప్పి చూపించాడు. ఎవరూ నేర్పలేదు ఆయనకి అలా చూపించమని.

అమ్మా శాసనప్రియా, ఐదు వేళ్లూ చాపడం గురించి నువ్వు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. గదిలో ఉన్న ప్రతివాడికీ నమ్మకం కలగాలంటే ఏం చేయాలో, మా అధికారికి ఆ రోజు తోచిందే వెయ్యేళ్ల కింద వాళ్లకీ తోచింది.

ఆ మూడో తరగతి గది ఇప్పుడు లేదు. కూల్చి రెండంతస్తులు కట్టారు. పిల్లలకు మంచిదే. కానీ ఎన్ని ఎన్నికలు చూసింది ఆ గది! ఒక్క ఫోటో కూడా తీసి పెట్టుకోలేదు నేను.

సున్నంగానుగ

కంచిదారి గారూ, మీ అసలు ప్రశ్నకి వస్తాను. పాత కట్టడాల మరమ్మతు పనులు పాతికేళ్లుగా చేస్తున్నాను, ఎక్కువ గుళ్లూ, కొన్ని కోటలూ.

"కడిగితే పోతుంది" అన్నది తప్పు. గ్రానైట్ గట్టిదే, కానీ చెక్కిన అక్షరం లోతు చాలా తక్కువ. వెయ్యేళ్ల ఎండకీ వానకీ అంచులు ముందే మొద్దుబారి ఉంటాయి. సుద్ద పొడి ఆ గాడిలోకి దిగుతుంది, తడి తగిలి గట్టిపడుతుంది. దాన్ని తీయడానికి ఎవరో ఒకరు గట్టి బ్రష్ పట్టుకుని రుద్దుతారు. ఆ రుద్దుడుకి అంచులో ఇంకాస్త పోతుంది. పదిమంది సుద్ద రాసి పదిసార్లు కడిగితే అక్షరం మిగలదు. పసుపు, పిండి, నూనె, అన్నీ అంతే. నూనె ఇంకా ఘోరం, దుమ్మును పట్టి నల్లటి పొర కడుతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఇసుకను గాలి ఒత్తిడితో రాతి మీద కొట్టి శుభ్రం చేయడం. తమిళనాడులోనూ మన దగ్గరా చాలా గుళ్లలో చేశారు. చూడటానికి రాయి కొత్తదానిలా తెల్లగా వస్తుంది, ఊళ్లో వాళ్లు సంతోషిస్తారు. రాయి పైపొర ఊడిపోయిందని ఎవరికీ తెలియదు. ఆ పైపొర మీదే అక్షరాలు ఉండేది. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక గుడిలో నా కళ్ల ముందే ఇలా జరిగింది. పొద్దున స్తంభం మీద నాలుగు వరసల రాత ఉంది. సాయంత్రానికి రెండు వరసలు నీడలా మిగిలాయి. మేస్త్రీ చెప్పినట్టు గొట్టం పట్టుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ స్తంభం ఇప్పటికీ కలలోకి వస్తుంది. అందుకే ఈ విషయం ఎవరు అడిగినా ఇంత పొడుగు చెబుతాను.

సరైన పద్ధతి నెమ్మదిగా ఉంటుంది. మెత్తటి బ్రష్, శుభ్రమైన నీళ్లు, సున్నం పొరలూ నాచూ ఉంటే చాలా పలచని మందు, అది కూడా ఒక మూల పరీక్షించి చూశాకే. రాతిలో ఉప్పు పేరుకుంటే కాగితం గుజ్జు తడిపి పట్టీలా వేస్తారు. అది ఆరుతూ ఉప్పును పీల్చుకుంటుంది. మళ్లీ వేయాలి, మళ్లీ తీయాలి. రాళ్ల మధ్య సందులకు సిమెంటు అసలు వాడకూడదు. సిమెంటు తడిని లోపల బంధిస్తుంది, ఆ తడి పక్క రాతిలోంచి బయటికి వస్తూ ఉప్పును పైకి తెస్తుంది. రాయి పొట్టు లేస్తుంది. నానబెట్టి గానుగలో తిప్పిన సున్నమైతే గోడ ఊపిరి తీసుకుంటుంది.

ఇలాంటి చిన్న కట్టడానికి నేను మొదట చూసేది నీళ్లు ఎటు పోతున్నాయి అన్నది. పీఠం మీద రాత ఉందంటే, నేల తడి ఆ రాతకు ఎంత దగ్గరగా ఉందో ఆలోచించండి. చుట్టూ రోడ్లు ఎత్తు పెరుగుతూ పోతాయి, పాత కట్టడం గుంటలో పడుతుంది, వాన నీళ్లు పీఠం చుట్టూ నిలుస్తాయి. వాలు సరిచేసి నీళ్లు బయటికి పోయేలా ఒక కాలువ తీస్తే, లక్షలు పోసి చేసే రసాయన పనికన్నా ఎక్కువ మేలు.

కంచిదారి

సున్నంగానుగ గారూ, ఇంత ఓపికగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ స్తంభం సంగతి రాయడం తేలిక కాదని తెలుసు. ఒక అనుమానం. గోడ ముందు అద్దం పెట్టేస్తే ఎవరూ ముట్టుకోరు కదా?

సున్నంగానుగ

వద్దండీ. మన ఎండలకి అద్దం వెనక వేడెక్కుతుంది, రాత్రికి తడి పడుతుంది, నాచు పెరగడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. మోకాలి ఎత్తు కంచె ఒక అడుగు ఎడంగా చాలు. పక్కన ఒక మనిషి కూర్చుంటే ఇంకా మేలు.

యార్క్‌షైర్_తెలుగు

నేను ఉండేది ఇంగ్లండులో, లీడ్స్ దగ్గర. ఇక్కడికి దగ్గర్లో పాంటిఫ్రాక్ట్ అని చిన్న ఊరుంది. బ్రిటన్‌లో రహస్య ఓటు మొదటిసారి వాడిన ఉప ఎన్నిక అక్కడే జరిగింది, 1872 ఆగస్టు 15న. అంతకుముందు అందరి ఎదుటా ఎవరికి ఓటో నోటితో చెప్పాల్సి వచ్చేది. ఆనాటి బ్యాలెట్ పెట్టె ఒకటి ఊరి మ్యూజియంలో ఉంది. దాని లక్క మీద ఉన్న ముద్ర అక్కడ అతిమధురంతో మిఠాయి చేసే ఫ్యాక్టరీది, కోట, గుడ్లగూబ బొమ్మలతో. చేతికి దొరికిన ముద్ర అదే కాబట్టి అదే వేశారు. నేను పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్లి చూపించాను.

మీ చర్చ చదువుతుంటే ఒకటి తట్టింది. ఇక్కడ మిగిలింది పెట్టె. ఉత్తిరమేరూరులో కుండా లేదు, తాటాకూ లేదు. గోడ ఒక్కటే మిగిలింది. పెట్టెనైతే గదిలో పెట్టి తాళం వేయొచ్చు. గోడ వానలో నిలబడే ఉండాలి.

నెల్లూరోడు

ఇంతమంది మాట్లాడారు, మా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఊరికి 13వ శతాబ్దంలో "గండగోపాల చతుర్వేదిమంగలం" అని పేరు పెట్టారబ్బా. విజయ గండగోపాలుడు తెలుగు చోడుడు, కంచి చుట్టుపక్కల ఏలినవాడు. మా నెల్లూరు చోడుల వంశాల వాళ్లే. తర్వాత కృష్ణదేవరాయల కాలంలో కూడా ఆ ఊరి గుళ్లకి దానాలు అందాయి. మన ఊళ్ల నుంచి కంచికి పెళ్లి చీరలకి పోతాం, ఒక పూట అటు తిరిగితే ఏం పోయింది?

ఇంకోటి, అక్కడి చెరువు చూశారా? వైరమేఘ తటాకం, పల్లవుల కాలంది. చెరువు వారియానికి ఆరుగురు అని చెప్పారు కదా, వాళ్ల పని ఆ చెరువే. పూడిక తీయడానికి జనం ఇచ్చిన దానాల శాసనాలు కూడా ఆ ఊళ్లో ఉన్నాయి. మండపం చూసి చెరువు చూడకుండా వస్తే సగమే చూసినట్టు.

శాసనప్రియ

నెల్లూరు అన్నా, చెరువు మాట బాగా గుర్తుచేశారు. ఆ ఊళ్లో పల్లవుల నుంచి చోళుల దాకా రెండు వందల దాకా శాసనాలు ఉన్నాయి.

కాపాడటం గురించి ఒక మాట చేరుస్తాను. రాయి ఎంత జాగ్రత్తగా చూసినా అరుగుతుంది. అందుకే అచ్చు తీసి పెట్టుకోవడం ముఖ్యం. మా గురువుగారు నేర్పినప్పుడు మొదటిసారి చేశాను. రాతిని నీళ్లతో శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, గట్టి కుచ్చుల బ్రష్‌తో నెమ్మదిగా కొట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తర్వాత సిరా పూసిన గుడ్డ మూటతో పైన అద్దాలి. చుట్టూ నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. మొదటి కాగితం చింపేశాను. రెండోది ఎత్తి చూసినప్పుడు, రాతి మీద కంటికి ఆనని అక్షరం కాగితం మీద కనిపించింది. ఒళ్లు జలదరించింది.

ఉత్తిరమేరూరు శాసనాలను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శాసన పరిశోధకుడు వి. వెంకయ్య గారు పరిష్కరించి, పురావస్తు శాఖ 1904-05 వార్షిక నివేదికలో ప్రచురించారు. శాసన శాఖ కార్యాలయం ఊటీ నుంచి 1966లో మైసూరుకు మారింది, దక్షిణాది అచ్చులన్నీ అక్కడే చేరాయి. తమిళ శాసనాల అచ్చులను చెన్నైకి తేవాలని 2021లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. వందేళ్ల కాగితాలవి, వాటికీ చెదలు, తేమ అన్న భయం ఉంటుంది. ఇప్పుడు వందల ఫోటోలు కలిపి గోడ మొత్తాన్ని మూడు కొలతల్లో కంప్యూటర్లో నిలబెట్టొచ్చు. రాతిని ముట్టుకోనక్కర్లేదు. నాకు చేతనైతే మన తెలుగు నేల మీది ప్రతి చిన్న గుడి గోడకీ అది చేయించాలని ఉంది.

మీకు ఫోటో కావాలంటే సుద్ద అక్కర్లేదు. టార్చ్ లైటు గోడకి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ప్రతి గాడిలో నీడ పడుతుంది, అక్షరాలు లేచి నిలబడతాయి.

నల్లరేగడి

టార్చ్ సంగతి బాగుంది. నాది ఒక కోరిక. ఎవరైనా అక్కడ బోర్డు పెట్టిస్తే, "ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. కుండలో ఎవరి పేరు వేయొచ్చో, ఎవరిది వేయకూడదో మొత్తం రాయండి. తమిళంలో, ఇంగ్లీషులో, కుదిరితే తెలుగులో. మా అమ్మాయిని తీసుకెళ్తే ఆ బోర్డు ముందు నిలబెట్టి, "ఇక్కడ మీ ముత్తాత పేరు ఉండేది కాదు, నీదీ ఉండేది కాదు, ఇప్పుడు ఉంది" అని చెప్పాలి నేను. ఆ గోడ ఉంటేనే చెప్పగలను. అందుకే అది ఉండాలి.

పోలింగ్_మాస్టారు

నల్లరేగడి బాబూ, నువ్వు రాసింది నా మనసులో మాట. కంచిదారీ, మళ్లీ ఎప్పుడు వెళ్తావు? మా అమ్మాయి ఇల్లు చెంగల్పట్టులోనే. పై నెల వస్తున్నాను.

కంచిదారి

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. నిన్న మాస్టారు గారితో కలిసి మళ్లీ వెళ్లాం. ముందు చెరువు కట్ట మీద నడిచాం, నెల్లూరు అన్న మాట తీసేయలేక.

మండపం దగ్గర శాసనప్రియ చెప్పినట్టే టార్చ్ పక్క నుంచి వేశాం. అంతకుముందు నున్నటి రాయి అనుకున్న చోట మూడు వరసలు కనిపించాయి! మా వాడు బడిలో తమిళం చదువుతున్నాడు. క, ట, ప లాంటివి కొన్ని పోల్చుకున్నాడు, మిగతావి వాడికీ కొత్తే. వేలు రాతికి తగలకుండా గాలిలోనే గీస్తూ చదివాడు. చెప్పకుండానే అలా చేశాడు.

ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు, ఒకమ్మాయి సంచిలోంచి సుద్ద తీయబోయింది. మాస్టారు గారు తన టార్చ్ ఆమె చేతికిచ్చి, ఎలా వేయాలో చూపించారు. ఆ అమ్మాయి సుద్ద తిరిగి సంచిలో పెట్టేసి, అరగంట అక్కడే ఉండి ఫోటోలు తీసుకుంది.

సున్నంగానుగ గారూ, మీరు చెప్పినట్టు పీఠం చుట్టూ తిరిగి చూశాను. నాకు తెలిసినంతలో ఫోటోలు తీశాను, రాత్రికి ఇక్కడ పెడతాను. నీళ్లు ఎటు పోతున్నాయో మీరే చూసి చెప్పండి. బాగు చేయాల్సింది ఉంటే కట్టడాన్ని చూసుకునే వాళ్లకి ఉత్తరం రాద్దాం, మీరు చెప్పిన మాటల్లోనే.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా వాడు అడిగాడు, "కుండలోంచి ఆకు తీసిన అబ్బాయి పేరేంటి మాస్టారూ?" అని. పేరు రాయలేదురా, ఏ పిల్లాడైనా పరవాలేదని మాత్రమే ఉంది అన్నారు ఆయన. "అమ్మాయి తీయకూడదా?" అన్నాడు. మాస్టారు గారు చాలాసేపు ఏమీ అనలేదు. చెంగల్పట్టులో దిగేటప్పుడు వాడి తల నిమిరి, "ఈసారి మీ చెల్లిని కూడా తీసుకురా" అన్నారు.